కల్పిత పురాణాలలో మృత్యుదేవత

మృత్యువుకు ఒక అధిదేవతను నిలుపుకొనని ప్రాచీనజాతి అరుదు. ఈజిప్టువారు ఒసైరిస్ సన్నిధిలో మృతుని హృదయాన్ని త్రాసులో పెట్టి తూచినారు. గ్రీకులు భూగర్భంలోని చీకటిరాజ్యానికి హేడీస్‌ను ప్రభువును చేసినారు. మన పెద్దలు దక్షిణదిక్కును యమధర్మరాజుకు అప్పగించి, ఆయన సరసన చిత్రగుప్తుని లెక్కలతో కూర్చుండబెట్టినారు. ఈ దేవతలను ఏ ఒక్క మానవుడో పనిగట్టుకొని కల్పించలేదు. తరతరాల భయమూ, శోకమూ, ఆశా కలిసి వారికి ఆకారం ఇచ్చినవి.

ఐతే ఇరవయ్యవ శతాబ్దంలో ఒక వింత జరిగినది. గుడి లేక, అర్చకుడు లేక, నమ్మే భక్తుడు ఒక్కడైనా లేక, కేవలం ఒక రచయిత ఊహలో పుట్టి కాగితం మీద మాత్రమే జీవించే దేవగణాలు ఇంగ్లీషు సాహిత్యంలో వెలసినవి. ఆ దేవగణాలను సృష్టించిన రచయితలు సముద్రానికి దేవతను పెట్టినారు, స్వప్నాలకు దేవతను పెట్టినారు. కొందరు ఏ దేవతనూ పెట్టకుండా ఊరుకున్న విషయాలు కూడా ఉన్నవి. కాని మృత్యువును విడిచిపెట్టడం మాత్రం వారిలో ముఖ్యులైన వారికి సాధ్యపడలేదు. ఎవరూ నమ్మని మతంలో మృత్యుదేవతకు పని ఏమి? ఈ ప్రశ్నకు సుమారు నూరేండ్ల కాలంలో నలుగురు రచయితలు చెప్పిన సమాధానాలే ఈ ప్రసంగానికి విషయం.

మృత్యుదేవతను మానవుడు అనాదిగా అడుగుతూ వచ్చిన ప్రశ్నలు రెండు. నీకు న్యాయం ఉన్నదా అనేది మొదటిది. నీకు దయ ఉన్నదా అనేది రెండవది. మన యముని విషయంలో ఈ రెంటికీ ప్రాచీనులు సమాధానం చెప్పుకున్నారు. ఋగ్వేదం దశమమండలంలో యముడు పితృలోకానికి మొదట దారి కనుగొన్నవాడు. అంటే మనకు పరాయివాడు కాడు, మనకంటె ముందుగా ఆ దారిన నడిచినవాడు. కఠోపనిషత్తులో మూడు రాత్రులు తన వాకిట నిరాహారంగా ఉన్న బాలునికి అతిథిమర్యాద చేసి, వరాలు ఇచ్చి, విద్య చెప్పిన ఆచార్యుడు. మహాభారతంలో సావిత్రి మాటలకు మెత్తబడి ఆమె పతిని మరల ఇచ్చినవాడు. కనుక మనకు ఆయన పాశం ఎంత పరిచయమో ధర్మం అంత పరిచయం. ఈ కొలబద్దను చేతిలో ఉంచుకొని కల్పితదేవతల వద్దకు వెళ్ళుదాము.

మొదటివాడు డన్సనీ ప్రభువు. ఈయన అసలు పేరు ఎడ్వర్డ్ ప్లంకెట్. ఐర్లండులోని ఒక పాత జమీందారీ కుటుంబంలో పదునెనిమిదవ ప్రభువు. 1878లో లండనులో జన్మించినాడు, 1957లో డబ్లిన్‌లో కాలధర్మం చెందినాడు. యౌవనంలో సైనికోద్యోగిగా దక్షిణాఫ్రికాలోని బోయరు యుద్ధం చూచినాడు. 1905లో తన సొంత సొమ్ము వెచ్చించి ఒక చిన్న పుస్తకం అచ్చువేయించినాడు. దాని పేరు ‘పెగానా దేవతలు’. ఇంగ్లీషు బైబిలు గాంభీర్యాన్ని తలపించే వచనంలో, ఏ దేశానికీ చెందని దేవతల పుట్టుక, చేష్టలు, అంతం అందులో వర్ణితమైనవి. తనకు ముందు విలియం బ్లేక్ వంటి కవులు సొంత దేవతలను కల్పించుకొనకపోలేదు. కాని బ్లేక్ తన దేవతల ద్వారా తాను నమ్మిన సత్యాన్ని చెప్పదలచినాడు. డన్సనీకి ఆ ఉద్దేశం కనబడదు. ఆయన దేవతలు ఒక ఊహ, ఒక ఆట.

ఆట అనడం అలంకారం కాదు. పెగానా కథ మొదలయ్యేది ఆటతోనే. సృష్టికి ముందు విధి, యాదృచ్ఛికత అనే ఇద్దరు పందెం వేసుకున్నారు. గెలిచినది ఎవరో ఎవరికీ తెలియదు. గెలిచినవారు మానా-యూద్-సుషాయ్ అనే ఆదిదేవుని వద్దకు వెళ్ళి, తమ ఆట కొరకు దేవతలను చేసిపెట్టమని అడిగినారు. ఆయన చిన్న దేవతలను సృష్టించి నిద్రపోయినాడు. స్కార్ల్ అనేవాడు ఆయన పాదాల చెంత ఎడతెగకుండా డోలు వాయిస్తూ ఉంటాడు. ఆ డోలు ఆగిన నాడు ఆదిదేవుడు మేల్కొంటాడు. అప్పుడు లోకాలూ ఉండవు, దేవతలూ ఉండరు.

ఈ చిన్న దేవతలలో ప్రాణాలను పంపేవాడు కిబ్. మరణాలకు అధిపతి మంగ్. కిబ్ భూమి మీద మృగాలను సృష్టించగా మంగ్ ఈర్ష్య చెంది వాటి మీదికి చావును పంపినాడట. కాని వాటిని నిర్మూలించలేకపోయినాడట. మన యమునికి పాశం ఎట్లాగో మంగ్‌కు ఒక ముద్ర అట్లా. ఎవరి ఎదుట ఆయన చేతితో ఆ ముద్ర పడతాడో వారి జీవితం అక్కడితో ముగిసినట్లే. ఒక కథలో ఒక బాటసారికి మంగ్ ఎదురుపడతాడు. అయ్యో, మరొక దారిన వచ్చి ఉంటే ఈయన కంటబడకపోదును గదా అని బాటసారి వాపోతాడు. దారి మార్చుకొనే వీలే నీకు ఉండి ఉంటే ఇది ఈ సృష్టే కాకపోవును అన్న అర్థం వచ్చే సమాధానం చెప్పి మంగ్ ముద్ర పడతాడు. ఆ బాటసారి చేసిన పాపం ఏమిటో కథలో లేదు. పాపం గాని పుణ్యం గాని అక్కడ ప్రస్తావనకే రాదు. మంగ్ వద్ద చిత్రగుప్తుడు లేడు.

దయ మాటేమి? ఆ పుస్తకంలో మంగ్ అర్చకుల కీర్తన ఒకటి ఉన్నది. దాని సారాంశం ఇది: మంగ్ అర్చకులు రోజంతా మొరపెట్టుకున్నా మంగ్ వినడు. అర్చకుల మొరే వినని దేవత సామాన్యజనుల ప్రార్థన వింటాడా? కనుక కానుకలు అర్చకులకే తెచ్చి ఇవ్వండి. వారు ఇంకా బిగ్గరగా మొరపెట్టుతారు. ఒకవేళ విన్నా వినవచ్చును. నవ్వు పుట్టించే ఈ వ్యంగ్యం క్రింద ఒక చల్లని నిరాశ ఉన్నది. డన్సనీ వ్రాసిన కాలం ఎటువంటిది? తూర్పుదేశాల మతగ్రంథాలు మాక్స్‌ముల్లర్ సంపాదకత్వాన ఇంగ్లీషులో వరుసగా వెలువడుతున్న కాలం. అన్ని జాతుల పురాణాలనూ ప్రక్కప్రక్కన పెట్టి పోల్చిన ఫ్రేజర్ ‘స్వర్ణశాఖ’ 1890లో వెలువడి చర్చనీయమైన కాలం. డార్విను సిద్ధాంతం చదువుకున్నవారి విశ్వాసాలను కదల్చివేసిన కాలం. దేవతలు ఇందరు ఉన్నారని తెలిసిన పాఠకునికి మరి నలుగురిని కల్పించడం కష్టంగా తోచదు. సృష్టికి ప్రయోజనం ఉన్నదా అనే శంక పట్టిన పాఠకునికి మంగ్ అర్థం కానివాడు కాడు. రెండు పాత ప్రశ్నలకూ డన్సనీ సమాధానం ఒక్కటే. న్యాయం లేదు, దయ లేదు, ఉన్నది ఆట. ఐతే ఆ ఆట ముగిసిన నాడు మంగ్ కూడా మిగలడు. మృత్యువుకు సైతం మృత్యువు ఉన్నదనే ఈ ఒక్క ఊరటను మాత్రం ఆయన పాఠకునికి మిగిల్చినాడు.

డన్సనీ తరువాతి కాలంలో రేడియోకు నాటికలు వ్రాసినవాడు. 1937లో ఆయన ప్రకటించిన నాటికల సంపుటిలో రంగస్థలానికి వ్రాసినవి కొన్ని, రేడియో కొరకు వ్రాసినవి కొన్ని ఉన్నవి. మన వృత్తికి దూరపు చుట్టం అనదగినవాడు.

పెగానా వెలువడిన పదకొండేండ్లకు ఐరోపాలో మృత్యువు ఊహగా మిగలలేదు. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో జరిగిన తిరుగుబాటులో డన్సనీ స్వయంగా తుపాకిగుండుకు గాయపడినాడు. అదే సంవత్సరం జూలై మొదటి తేదీన ఫ్రాన్సులోని సోమ్ నదీతీరాన యుద్ధం మొదలైనది. ఆ ఒక్క రోజున బ్రిటిషు సైన్యంలో సుమారు 19,000 మంది మరణించినారు. ఆ యుద్ధానికి వెళ్ళిన యువ సైనికాధికారులలో ఒకడు జె.ఆర్.ఆర్. టోల్కీన్. 1892లో దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటీన్‌లో జన్మించినాడు. నాలుగేండ్ల వయస్సులో తండ్రి పోయినాడు, పన్నెండేండ్ల వయస్సులో తల్లి పోయినది. పాఠశాలలో నలుగురు మిత్రులు ఒక చిన్న సాహిత్యగోష్ఠిగా ఏర్పడి, కలసి గొప్ప పనులు చేయాలని కలలు కన్నారు. యుద్ధం ముగిసే నాటికి ఆ నలుగురిలో ఇద్దరే మిగిలినారు. టోల్కీన్ కందకాలలో వ్యాపించే జ్వరంతో 1916 నవంబరులో ఇంగ్లండుకు తిరిగి వచ్చినాడు. ఆ కోలుకొనే నెలలలోనే తన పురాణానికి మొదటి కథలు వ్రాయడం ప్రారంభించినాడు. చనిపోయేవరకు, అంటే 1973 వరకు, దానిని దిద్దుతూనే ఉన్నాడు. ‘సిల్మరిలియన్’ అనే పేరుతో అది 1977లో ఆయన కుమారుడు క్రిస్టఫర్ సంపాదకత్వాన వెలువడినది.

ఆ పురాణంలో మృత్యుదేవత మాండోస్. నిజానికి అది ఆయన నివాసం పేరు. ఆయన పేరు నామో. స్వప్నాధిపతి ఆయన సోదరుడు. లోకంలోని సమస్త దుఃఖానికీ కన్నీరు కార్చే నియెన్నా ఆయన సోదరి. కాలంలో జరిగినదంతా వస్త్రాలుగా నేసే వైరే ఆయన భార్య. ఆమె నేసిన తెరలు ఆయన మందిరపు గోడలను కప్పి ఉంటవి, యుగాలు గడచిన కొలదీ ఆ మందిరం విశాలమవుతూ ఉంటుంది. స్వప్నం, శోకం, జ్ఞాపకం, మృత్యువు ఒకే ఇంటివారు అనడంలోనే టోల్కీన్ చెప్పదలచినది చాలావరకు ఉన్నది. సోమ్ నుంచి తిరిగి వచ్చినవానికి ఈ నాలుగింటి చుట్టరికం పుస్తకాలు చెప్పవలసిన సంగతి కాదు.

ఇక్కడ చరిత్రకారుడు గమనించదగిన ఒక మార్పు ఉన్నది. టోల్కీన్ మొదటి చిత్తుప్రతులు 1983, 1984 సంవత్సరాలలో అచ్చైనవి. వాటిలో మనుష్యులు మరణించిన పిదప తీర్పు పొందుతారు. కొందరిని దుష్టదేవత చెరలోకి త్రోస్తారు. చాలామందిని ఒక నల్లని ఓడ మసకవెలుతురు మైదానాలకు తీసుకొనిపోతుంది. ఏ కొద్దిమందో దేవతల వద్ద స్థానం పొందుతారు. స్వర్గనరకాల పాతలెక్క అది. తరువాతి ప్రతులలో ఆ తీర్పు, ఆ ఓడ అన్నీ అంతర్ధానమైనవి. చివరి రూపంలో మాండోస్ మందిరం శిక్షాస్థానం కాదు, నిరీక్షించే చోటు. అమరులైన ఎల్ఫులు చంపబడితే అక్కడ వేచి ఉండి తిరిగి రాగలరు. మనుష్యులు మాత్రం ఆ మౌనమందిరంలో కొంతకాలం గడపి లోకాన్ని దాటి ఎక్కడికో వెళ్ళిపోతారు. ఎక్కడికో మాండోస్‌కు తెలుసు, చెప్పడు. దేవుని క్రింద ఈ పురాణంలోని మృత్యుదేవత రాజు కాడు, ఒక అధికారి. తన ఇష్టం వచ్చినట్లు తీర్పు చెప్పే హక్కు లేదు. దేవతలరాజైన మాన్వే ఆజ్ఞ ఇచ్చినప్పుడే నోరు విప్పుతాడు.

కనుక మొదటి ప్రశ్నకు టోల్కీన్ ఇచ్చిన సమాధానం డన్సనీకి సరిగా వ్యతిరేకం. న్యాయం ఉన్నది, కాని అది మృత్యుదేవత చేతిలోది కాదు. రెండవ ప్రశ్నకు సమాధానం లూథియెన్ కథ. ఎల్ఫుల రాకుమార్తె లూథియెన్ బెరెన్ అనే మనుష్యుని వరించినది. బెరెన్ మరణించినాడు. ఆమె శోకంతో దేహం విడిచి మాండోస్ మందిరానికి వెళ్ళి, ఆయన ఎదుట పాడినది. రెండు జాతుల దుఃఖాన్నీ కలిపి అల్లిన ఆ పాటకు, అంతకుముందు గాని ఆ తరువాత గాని కరగని మాండోస్ కరిగినాడు. కరిగినా తనంతట తాను ఏమీ చేయలేక మాన్వే వద్దకు వెళ్ళినాడు. మాన్వే పరమేశ్వరుని ఆలోచన అడిగినాడు. ఆమెకు రెండు దారులు లభించినవి. శోకం మరచి దేవలోకంలో శాశ్వతంగా ఉండడం ఒకటి. బెరెన్‌తో భూమికి తిరిగి వచ్చి అతనివలె తానూ నిజంగా మరణించడం రెండవది. ఆమె రెండవదాన్ని కోరుకున్నది.

శ్రోతలకు సావిత్రి స్ఫురించకపోదు. టోల్కీన్ మాత్రం తన కథను గ్రీకుల ఆర్ఫియస్ కథను తలక్రిందులు చేసినట్టిదిగా భావించినాడు. అక్కడ భర్త భార్య కోసం వెళ్ళినాడు, ఇక్కడ స్త్రీ పురుషుని కోసం వెళ్ళినది. ఐతే సావిత్రికీ లూథియెన్‌కూ ఒక తేడా ఉన్నది. సావిత్రి యముని వద్ద సంపాదించినది పతికి ఆయుర్దాయం. లూథియెన్ మాండోస్ వద్ద సంపాదించినది తనకు మరణించే హక్కు. టోల్కీన్ పురాణంలో మరణం మనుష్యులకు పరమేశ్వరుడు ఇచ్చిన వరం. దుష్టదేవత నీడ సోకి అది భయంగా మారినది. వరమని మరచి దానికి వెరచినవారి గతి ఏమిటో న్యూమెనోర్ ద్వీపం కథలో ఆయన చూపినాడు. ఆ ద్వీపపు రాజులు చావును తప్పించుకోవాలని ఇళ్ళకంటె ఘనంగా సమాధులు కట్టుకున్నారు. చివరకు ఒక మాయావి మాట నమ్మి దుష్టదేవతకు గుడి కట్టి నరబలులు ఇచ్చినారు. ద్వీపమంతా సముద్రంలో మునిగిపోయినది. మాండోస్‌కు ఆ పురాణంలో గుడి లేదు. గుడి వెలసినది చావుభయానికి.

1971లో టోల్కీన్ భార్య ఎడిత్ మరణించినది. ఆక్స్‌ఫర్డులోని వోల్వర్‌కోట్ శ్మశానవాటికలో ఆమె సమాధిరాయి మీద ఆయన ఆమె పేరు క్రింద లూథియెన్ అని చెక్కించినాడు. రెండేండ్లకు ఆయన పేరు క్రింద బెరెన్ అనే పేరు చేరినది. తాను కల్పించిన పురాణాన్ని ఒక రచయిత తన శోకసమయంలో ఎంతగా ఆశ్రయించినాడో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

మూడవ సమాధానం అమెరికా నుంచి వచ్చినది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 1996లో ప్రారంభించిన నవలామాలలో పలు మతాలు ఉన్నవి. వాటిలో బ్రావోస్ అనే జలనగరంలోని మతం ఒకటి. అక్కడ పూజ అందుకొనేవాడు బహుముఖదేవత. ఆ మతం పుట్టుకను మార్టిన్ 2005లో వచ్చిన నాలుగవ సంపుటంలో చెప్పినాడు. వలీరియా సామ్రాజ్యంలో అగ్నిపర్వతాల క్రింద గనులు ఉండేవి. ఆ మంటల నడుమ ఎన్నో దేశాల నుంచి తెచ్చిన బానిసలు పనిచేసేవారు. ఒక్కొక్కరు ఒక్కొక్క భాషలో, ఒక్కొక్క దేవుని పేరున మొరపెట్టుకొనేవారు. ఆ మొరలన్నీ వింటూ వచ్చిన ఒకనికి, వారందరూ అడుగుతున్నది ఒక్కటే అని స్ఫురించినది: ఈ బాధ నుంచి విముక్తి. దేవుని పేర్లు వేరైనా వారు పిలుస్తున్న దేవుడు ఒక్కడే, అతడు మృత్యువు. ఆ రాత్రి అందరికంటె దీనంగా మొరపెట్టుకున్న బానిసను అతడు చంపినాడు. దానినే ఆ మతస్థులు మొదటి కానుక అంటారు.

ఆ దేవాలయంలో విగ్రహం ఒక్కటి కాదు. నానాదేశాల మృత్యుదేవతలు గోడల వెంట నిలిచి ఉంటారు. నడుమ ఒక నల్లని కొలను. బ్రతుకుభారం మోయలేనివారు వచ్చి ఒక దోసెడు నీరు త్రాగి నిశ్శబ్దంగా కన్ను మూస్తారు. ఇంతవరకు అది కరుణ. కాని ఆ గుడిలోని సేవకులే మూల్యం పుచ్చుకొని ఇతరులకు కూడా ఆ కానుక అందజేస్తారు; సామాన్యభాషలో చెప్పాలంటే వారు కిరాయిహంతకులు. ఈ గుడికి ఆర్యా అనే బాలిక వస్తుంది. తన కుటుంబాన్ని నాశనం చేసినవారి పేర్లు రాత్రిరాత్రి జపంవలె వల్లించుకుంటూ బ్రతికినది ఆమె. బానిసను చంపడమెందుకు, యజమానులను చంపవలసినది గదా అని ఆమె వెంటనే అడుగుతుంది. ఎవరు బ్రతకాలో, ఎవరు చావాలో నిర్ణయించడానికి నీవు దేవతవా అని గురువు ఆమెకు నేర్పజూస్తాడు. ఆ దేవతను సేవించాలంటే పేరు, పగ, ప్రేమ విడిచి ఎవరూ కానిదిగా మారాలి. ఆమె ఖడ్గాన్ని మాత్రం నీటిలో పారవేయలేక రాళ్ళ నడుమ దాచిపెట్టుతుంది. ఆ ఖడ్గంలో ఆమె ఇల్లు, తోబుట్టువులు, పేరు అన్నీ ఉన్నవి.

మార్టిన్ కల్పన మనలను ఒక చిక్కులో పెట్టుతుంది. మరణం వరమని టోల్కీన్ అన్నప్పుడు ఆ వరం ఇచ్చేవాడు దేవుడు. ఆ మాటనే మనుష్యులు తమ చేతిలోకి తీసుకుంటే ఏమవుతుంది? బాధితుని కన్నీరు తుడవడానికి పుట్టిన మతం కొన్ని తరాలకు ధర కట్టే సంస్థగా మారుతుంది. డన్సనీ అర్చకులు వినని దేవత పేరున కానుకలు అడిగినారు. బ్రావోస్ అర్చకులు దేవత పనిని తామే చేసి కానుకలు పుచ్చుకుంటారు. మృత్యుదేవతకు న్యాయం ఉన్నదా అని అడగడంకంటె, ఆయన పేరున పనిచేసే మనుష్యులకు ఉన్నదా అని అడగడం మేలని ఈ కథ సూచిస్తున్నది.

నాలుగవ రచయిత టెర్రీ ప్రాచెట్ నవ్వుల రచయిత. 1983లో మొదలైన ఆయన ‘డిస్క్‌వరల్డ్’ నవలలు నలుబదికి పైగా ఉన్నవి. ఆ లోకం పళ్ళెంవలె చదునుగా, నాలుగు ఏనుగుల మీద, అవి ఒక మహాకూర్మం మీద ఆని ఉంటుంది. అక్కడి దేవతలు భక్తుల నమ్మకం తింటూ బ్రతికేవారు. నమ్మకం తగ్గితే చిక్కిపోతారు. మృత్యువు మాత్రం ఎవరి పూజకూ ఎదురుచూడడు. నల్లని ముసుగు, ఎముకల దేహం, కొడవలి, ఒక తెల్లని గుఱ్ఱం. ఆయన మాటలన్నీ ఇంగ్లీషులో పెద్దక్షరాలతో అచ్చు వేసినారు. మన లిపిలో పెద్దక్షరాలు లేవు గనుక, బావిలోనుంచి వచ్చినట్టి గంభీరస్వరాన్ని శ్రోతలు ఊహించుకోవాలి. ఈ మృత్యువుకు పిల్లులంటే ప్రీతి. మనుష్యులు ఎందుకు నవ్వుతారో, ఎందుకు ఏడుస్తారో తెలుసుకోవాలని ఆయనకు తీరని కుతూహలం.

మృత్యుదేవతతో పరిహాసం మనకు క్రొత్త కాదు. 1977 నాటి ‘యమగోల’ చిత్రంలో కైకాల సత్యనారాయణ ధరించిన యముని చూచి తెలుగునాడంతా నవ్వినది. ఐతే ప్రాచెట్ నవ్విస్తూ నవ్విస్తూ మనలను ఎక్కడికి తీసుకొనిపోతాడో చూడదగినది. 1991 నాటి ఒక నవలలో, మృత్యువుకు వ్యక్తిత్వం ఏర్పడినది, ఇది విధినిర్వహణకు తగదు అని విశ్వపు లెక్కలు చూచే అధికారులు ఆయనను ఉద్యోగం నుంచి తొలగిస్తారు. ఆయన ఒక ముసలి ఒంటరి స్త్రీ పొలంలో కూలికి కుదిరి కోత కోస్తాడు. పనలుగా కోయడు, ఒక్కొక్క గడ్డిపరకను వేరువేరుగా కోస్తాడు. అంతలో ఆయన స్థానానికి వచ్చిన క్రొత్త మృత్యువు తలమీద కిరీటం ఉంటుంది. అది చూచి పాత మృత్యువుకు కోపం వస్తుంది. తాను ఎన్నడూ కిరీటం ధరించలేదు, తాను రాజును కాను, కోతగాడిని మాత్రమే. చివరకు విశ్వాధిపతి ఎదుట ఆయన విన్నవించుకున్న దాని తాత్పర్యం ఇది: కోతకు వచ్చిన పైరుకు కోతగాని శ్రద్ధ తప్ప ఇక దిక్కు ఏమున్నది?

ఇక్కడ రెండు పాత ప్రశ్నలకు మారుగా మూడవ సమాధానం వినబడుతుంది. ప్రాచెట్ మృత్యువు న్యాయాధిపతి కాడు; ఆయనకు మన ఆయువు పెంచే అధికారమూ లేదు. ఆయన చేయగలిగినది ఒక్కటే. ప్రతి పరకనూ వేరుగా చూడడం, ఎవరినీ ఒంటరిగా వెళ్ళనీయకపోవడం.

2007 డిసెంబరులో ప్రాచెట్ తనకు మతిని క్రమంగా హరించే ఆల్జైమర్ వ్యాధి సోకినదని ప్రకటించినాడు. అప్పటికి ఆయన వయస్సు 59 సంవత్సరాలు. ఆ మరుసటి ఏడు ఆ వ్యాధి పరిశోధనకు పది లక్షల డాలర్లు విరాళం ఇచ్చినాడు. 2010లో బి.బి.సి. టెలివిజనులో మృత్యువును గురించి ఒక ప్రసిద్ధోపన్యాసం ఇవ్వవలసి ఉండగా, వ్యాధివల్ల వ్రాతను చదవడం కష్టమై, ఉపక్రమించిన పిదప మిగిలినదంతా నటుడు టోనీ రాబిన్‌సన్ చేత చదివించినాడు. తన మాటకు మరొకని కంఠం అరువు తెచ్చుకోవలసి వచ్చిన ఆ దృశ్యం మైక్రోఫోను ఎదుట బ్రతికేవారిని కదిలించక మానదు. 2015 మార్చి 12వ తేదీన ఆయన కన్ను మూసినాడు. ఆ వార్తను లోకానికి తెలిపిన సందేశాలు ఆయన సృష్టించిన మృత్యువు పలికినట్టుగా, పెద్దక్షరాలతో మొదలైనవి. ఆయన మృత్యువు చేయి పట్టుకొని వెంట నడచి వెళ్ళినట్టుగా వాటి కూర్పు.

ఇంతకుముందే ప్రాచెట్ ఒక సంగతి చెప్పి ఉన్నాడు. మరణశయ్య మీద ఉన్న పాఠకులు తనకు జాబులు వ్రాస్తుంటారట, తమ వద్దకు రాబోయే మృత్యువు ఆ పుస్తకాలలోని మృత్యువువలె ఉంటే బాగుండునని. అటువంటి జాబు వచ్చిన నాడు తాను కొంతసేపు గోడవంక చూస్తూ కూర్చుంటానని ఆయన అన్నాడు.

ఆ జాబులను చరిత్రకారుడు కొట్టివేయడానికి వీలులేదు. డన్సనీ పెగానాలో మంగ్ అర్చకుల మొర ఎవరూ వినలేదు. నూరేండ్లు తిరగకముందే, ఎవరూ నమ్మని ఒక మృత్యుదేవత పేరున నిజమైన రోగులు నిజమైన ప్రార్థనవంటిది వ్రాసి పంపినారు. దానిని విని, బదులు చెప్పలేక గోడవంక చూచినవాడు ఒక రచయిత. ఆటగా పుట్టిన దేవత పనిలో ప్రవేశించినాడన్న మాట. ఈ నలుగురి కల్పనలను వరుసగా చూస్తే, మృత్యుదేవత చేతినుంచి ఒక్కొక్క అధికారం జారిపోవడం కనబడుతుంది. ఈర్ష్య పోయినది, తీర్పు పోయినది, చివరకు కిరీటం పోయినది. మిగిలినది తోడు. మనుష్యులు మృత్యుదేవతను మొదట ఎందుకు కోరుకున్నారో దానికి జవాబు బహుశా ఇందులోనే ఉన్నది. చావును తప్పించమని అడిగినవారు కొందరు. న్యాయం చేయమని అడిగినవారు మరికొందరు. గడప దాటే వేళ అవతల ఎవరైనా ఉంటారా అని అడిగినవారు అందరూ. మనకు ముందే ఆ దారిన నడచి దారి తెలిసినవాడని ఋగ్వేదర్షి యముని కీర్తించినప్పుడు ఆయన మనస్సులో ఉన్న ఆశ కూడా ఇదే కావచ్చును.